ఏడుగురు దొంగలు, ఆరు తూటాలు

“నువ్వెలాగూ మధ్యాహ్నం దాకా ఖాళీయేగా. ఆ తుపాకీని కాస్త గట్టిగా రుద్ది, తళతళలాడేట్టు చేసి తీసుకెళ్ళు” అన్నాడు భర్త, అప్పుడే ఇస్త్రీ చేసి అందించిన చొక్కాలోకి చేతులు దూరుస్తూ.

ఖాళీ అన్న మాటకి చిన్నకోడలికి నవ్వొచ్చింది. అప్పటికి ఆమె మూడు చొక్కాలు ఇస్త్రీ చేసింది, రెండు పొయ్యిల మీదివీ దించింది, అత్తగారి బీపీ మాత్రా భర్త కళ్ళజోడూ కరెంటు బిల్లూ మూడు గదుల్లోంచి వెతికి తెచ్చి ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. పెళ్ళయిన కొత్తలో ఆ మాట వింటే ఏడుపొచ్చేది. తరవాత కొన్నేళ్ళు ఒళ్ళు మండేది. ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళ వయసులో, ఇదిగో, నవ్వొస్తోంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఆమె కళ్ళజోళ్ళ షాపులో వంగిన ఫ్రేములు సరిచేసే పని చేస్తుంది కాబట్టి ‘మధ్యాహ్నం దాకా’ అని ఒక హద్దు పెట్టాడు గానీ, లేకపోతే ఆయన లెక్కలో ఆమె జీవితాంతం ఖాళీయే.

తుపాకీ అంటే మామగారి రివాల్వర్. సర్వే ఆఫీసులో పనిచేసి రిటైరైన ఆయన పోయి ఏడాదయింది. వీలునామాలో ఇల్లూ బ్యాంకులో ఉన్నదీ కొడుకులిద్దరికీ రాసి, రివాల్వర్ మాత్రం భార్య పేర పెట్టారు. ఎందుకలా చేశారో ఎవరికీ అంతుపట్టలేదు. లైసెన్సు కూడా అత్తగారి పేరు మీదికి మారింది. ‘అమ్మ పేరున ఉంటే ఏమైంది, మనదేగా’ అనుకున్నారు కొడుకులు. వేరే ఊళ్ళో ఉండే పెద్దాయన, అంటే బావగారు, పాత ఆయుధాలు సేకరించే ఒక ధనవంతుణ్ణి పట్టుకున్నారు. అది ఏ సంవత్సరంలో తయారైందో, ఎంత చేస్తుందో, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో పేరున్న తుపాకుల షాపులో కాగితం మీద రాయించి పంపితే కొంటానన్నాడట. అన్నదమ్ములిద్దరికీ తీరిక లేదు. ఖాళీగా ఉన్న మనిషి ఒకతె ఉండనే ఉంది. “కథ కూడా వివరంగా రాయించమ్మా. సగం ధర కథకే” అని బావగారు ఫోన్లో రెండుసార్లు చెప్పారు.

ఆ కథ ఆమెకు నోటికొచ్చు. వరదలొచ్చిన ఏడాది, 1921లో, మామగారి తాత ఒంటరిగా గుర్రం మీద వస్తుంటే దొంగలు చుట్టుముట్టడం, ఆయన ఈ రివాల్వర్ తీసి ఒక్కొక్కణ్ణీ మట్టి కరిపించడం. ఇంటికి ఎవరొచ్చినా మామగారు ఆ కథ మొదలుపెట్టేవారు, ఆమె టీ పళ్ళెం పట్టుకుని సరిగ్గా గుర్రం దిగే చోటికి వచ్చేది. ఆమె కాపురానికొచ్చినప్పుడు దొంగలు ముగ్గురు. భర్తకి ప్రమోషన్ వచ్చేసరికి అయిదుగురయ్యారు. మామగారు మంచాన పడేనాటికి ఏడుగురు.

కథ చెప్పడం అయ్యాక రివాల్వర్ తీసి చూపించేవారు. “చూడండి, ఎలా ఉంచానో” అనేవారు. ఉంచింది ఆమె. కాపురానికొచ్చిన రెండో నెలలో, “ఈ ఇంట్లో సున్నితమైన చెయ్యి నీదేనమ్మా, కాస్త ఇది తుడిచిపెడుతూ ఉండు” అని మామగారు అప్పగించారు. ఆ ఒక్క మెచ్చుకోలూ ఇరవై ఆరేళ్ళు జీతంగా సరిపోయింది. ఆ ఇంట్లో పనులకి చేసేవాళ్ళు ఉండరు. వంటయిందా అంటారు, బట్టలయ్యాయా అంటారు, ఇల్లు సర్దడం అయిందా అంటారు. అన్నీ వాటంతటవే అవుతున్నట్టు. వంట చేశావా అని అడిగిన మనిషి ఇంతవరకూ లేడు. తుపాకీ తుడవడం కూడా అలాగే ప్రతి ఆదివారం ‘అయ్యేది’.

అయితే ఆ పనిలో ఆమెకి ఒక రహస్యమైన లాభం ఉండేది. “ఆయుధం చేతిలో ఉన్న మనిషిని ఎవరూ పలకరించకూడదు” అని మామగారు ఇంటికంతటికీ ఆజ్ఞ వేశారు. వారం మొత్తంలో ఆమెని ఎవరూ పిలవని సమయం ఆ అరగంటే. తలుపు దగ్గరగా వేసుకుని, బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి, గొట్టం వంచి తెరిచి, ఆరు గుంటలూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, సన్నటి బ్రష్షు గొట్టంలోంచి పోనిచ్చి, నూనె చుక్కతో తుడుస్తూ, తను చదవాలనుకున్న చదువు గురించీ, ఎప్పుడో విన్న పాట గురించీ, అసలు దేని గురించీ కాకుండా కూడా ఆలోచించుకునేది. మొదట్లో అరగంట. మెల్లమెల్లగా గంట చేసింది. తుపాకీ అంటే అంత శ్రద్ధేమిటే అని ఇంట్లో వాళ్ళు నవ్వేవారు. ప్రపంచంలో ఇంకెవరికైనా రివాల్వర్ వల్ల ఇంత ప్రశాంతత దొరికి ఉంటుందా అని ఆమె కూడా నవ్వుకునేది.

కళ్ళజోళ్ళ షాపులో పనికి చేరాక ఆ పని ఇంకా నాజూకైంది. స్క్రూకి సరిపడని స్క్రూడ్రైవర్ పెడితే దాని గాడి చెడిపోతుందని అక్కడే నేర్చుకుంది. తోలు చెమ్మ పట్టి ఇనుముని తింటుందని ఎక్కడో చదివి, మామగారు ముచ్చటపడి కొన్న తోలు ఒరలోంచి రివాల్వర్ తీసేసి, నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేది. చుట్టాలొచ్చే రోజున మాత్రం ఒరలో తొడిగి ఇచ్చేది.

కాబట్టి ఆ ఉదయం భర్త రుద్దమన్నా రుద్దలేదు. మామూలుగా తుడిచి, పెట్టెకి తాళం వేసి, క్యారేజీ సంచిలో అడుగున పెట్టి, పైన టిఫిన్ డబ్బా పెట్టింది.

“నేనూ వస్తాను” అంది అత్తగారు, చెప్పులు వేసుకుంటూ. “లైసెన్సు నా పేర ఉంది. అనుమతి కాగితం మీద ఫొటో కూడా నాదే. నేను రాకుండా నువ్వు పట్టుకెళితే నిన్ను లోపలేస్తారు. అప్పుడు నా మాత్రలెవరు వెతుకుతారు?”

డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషిని బస్సెక్కించడం ఒక పని. ఎక్కాక కిటికీ సీటు కావాలని పేచీ పెట్టింది. సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో వాటేసుకుంది. కండక్టర్ టికెట్ చింపుతూ, “ఏముందమ్మా అందులో, అంత గట్టిగా పట్టుకున్నారు?” అన్నాడు.

“ఇంటి పరువు నాయనా” అంది అత్తగారు.

చిన్నకోడలు మొహం పక్కకి తిప్పుకుని, రెండు స్టాపులు దాటేదాకా నవ్వు ఆపుకోలేకపోయింది.

తుపాకుల షాపు పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టెలా ఉంది. గోడల పొడవునా అద్దాల బీరువాలు, నూనె వాసన, వెనక కిటికీ కింద బల్ల. నుదుటి మీదికి భూతద్దం తోసుకున్న ముసలాయన వాళ్ళిద్దరినీ చూసి, వాళ్ళ వెనక తలుపు వైపు చూశాడు.

“మగవాళ్ళెవరూ రాలేదా?”

“తుపాకీ వచ్చింది, చాలదా?” అంది అత్తగారు, చెప్పకముందే కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

చిన్నకోడలు పెట్టె తెరిచింది. రివాల్వర్‌ని గోడ వైపు చూసేలా పట్టుకుని, వేలు ట్రిగ్గర్‌కి తగలకుండా, బొటనవేలితో పైగడి నొక్కి, గొట్టం వంచి, ఖాళీగా ఉన్న ఆరు గుంటలూ ఆయనకి చూపించి, అప్పుడు అందించింది. ముసలాయన భూతద్దం కళ్ళ మీదికి దించుకుని, ముందు తుపాకీని కాకుండా ఆమె చేతుల్ని చూశాడు.

“కూర్చోండమ్మా” అన్నాడు. ఆ గొంతు వేరు.

తరవాత పావుగంట ఆయన దాన్నే పరీక్షించాడు. గొట్టంలోంచి వెలుతురు చూశాడు. తూటాల చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు. చట్రం మీది ముద్రలు కాగితం మీద గీసుకున్నాడు. పిడి విప్పబోతూ మరలని చూసి తలెత్తాడు. “ఈ స్క్రూలు ఎవరు తిప్పారు?”

‘ఇదెవరు చేశారు’ అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడొచ్చినా అది నింద వేయడానికే. మంచివన్నీ అయిపోతాయి, చెడిపోయినవి మాత్రం ఎవరో చేస్తారు. “నేనేనండి” అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. “దేంతో తిప్పారు?” సంచిలోంచి కళ్ళజోళ్ళ షాపు కోసం తను కొనుక్కుని, ఈ గాడికి సరిపడేలా అరగదీసుకున్న స్క్రూడ్రైవర్ తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మర గాడిలో పెట్టి చూశాడు. చొక్కాకి గుండీ పట్టినట్టు పట్టింది. ఆ తరవాత ఆయన అన్ని మరలూ దాంతోనే విప్పాడు.

పిడి చెక్కల కింద ఒక నంబరు ఉంది. దాన్ని చట్రం మీది నంబరుతో సరిపోల్చుకుని, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తెచ్చి, వేలితో వరసలు దిగుతూ వెళ్ళి ఒకచోట ఆగాడు. “పుట్టిన సంవత్సరం దొరికింది. మీ ఇంటికి ఎప్పుడొచ్చిందో చెప్పండి, రాసుకుంటాను.”

చిన్నకోడలు కథ మొదలుపెట్టింది. వరద, గుర్రం, మామగారి తాత. 1921.

ముసలాయన కలం ఆపాడు. “తాతగారు ఎప్పుడు పోయారమ్మా?”

“1928లో అండి. హాల్లో ఫొటో కింద రాసి ఉంటుంది.” ఆ ఫొటో కూడా తుడిచేది ఆమే.

“ఇది తయారైంది 1937లో.”

చిన్నకోడలికి ఇరవై ఆరేళ్ళ టీ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని మోస్తూ నిలబడినట్టు అనిపించింది.

“ఎంతమంది దొంగలన్నారు?” అన్నాడాయన.

“ఏడుగురండి.”

“ఇందులో పట్టేవి ఆరే కదమ్మా.”

“ఏడోవాడు కాళ్ళ మీద పడ్డాడండి” అంది ఆమె, మామగారు చెప్పినట్టే. అని, ఆయన మొహం చూసి, ఇక ఆగలేక నవ్వేసింది. ఆయన కూడా భూతద్దం పైకి తోసుకుని నవ్వాడు. అత్తగారు మాత్రం టిఫిన్ డబ్బా మూత తీస్తూ, “ముగ్గురున్నప్పుడే చెప్పాను ఆయనకి, అయిదు దాటనివ్వకండి అని” అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

“పెళ్ళయిన మూడో ఏడు మమ్మల్ని కొండల పక్కన సర్వే క్యాంపుకి వేశారు. ఒంటిల్లు. పొద్దువాలితే చాలు ఆయనకి గుండె దడ. ఆకు కదిలినా ‘ఎవరది?’ అనేవారు. ఉద్యోగం మానేసి వెళ్ళిపోతున్న గుమాస్తా దగ్గర ఇది సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. డబ్బు చాలక నా కుట్టుమిషను అమ్మాం. ఓ గాలివాన సాయంత్రం పెరట్లో దబదబా చప్పుడు. ఆయన దీన్ని పట్టుకుని తలుపు వెనక నిలబడ్డారు, అందులో తూటాలైనా లేవు. నేను టార్చి తీసుకుని వెళ్ళి చూస్తే కోళ్ళగూటి రేకు ఊడి కొట్టుకుంటోంది. తాడేసి కట్టి వచ్చాను. దొంగలంటే అదే.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదత్తయ్యా?”

“చెప్పుకుని సంతోషపడేవారు. భయస్తుడికి అదో ధైర్యం. నాకేం పోయిందిలే అనుకున్నాను.” ఒక ముద్ద నమిలి మింగి, “పోయింది, కుట్టుమిషను” అంది. “నా పేర రాశారంటే ఆయనకీ అది గుర్తుందన్నమాట. నోటితో మాత్రం ఒక్కనాడూ అనలేదు.”

చిన్నకోడలు ఆవిడని కొత్తగా చూసింది. ఒకే వంటగదిలో ఇరవై ఆరేళ్ళు ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ వాదించుకున్నారు గానీ, చీకట్లో టార్చి పట్టుకుని బయటికి నడిచిన ఇరవై మూడేళ్ళ అమ్మాయి ఆ వంటగదిలోనే ఉందని ఆమెకి తెలీదు. ఆవిడకి మాత్రం తన గురించి ఏం తెలుసు? ఆదివారాలు తలుపు వేసుకుని తను ఏం ఆలోచించేదో?

ముసలాయన గొంతు సవరించుకున్నాడు. “కథ ఉంటే ధర పెరుగుతుంది, అది నిజమే. ‘ఇంట్లో చెప్పుకునే ప్రకారం’ అని రాస్తే నాకు ఇబ్బంది లేదు. కాకపోతే కింద మీరు సంతకం పెట్టాలి.”

సరిగ్గా అప్పుడే భర్త ఫోన్. ఆయన గొంతు ఎప్పుడూ పక్క గదిలోకి కూడా వినిపిస్తుంది. “అయిందా? కథ రాయించావా? అమ్మ చేత సంతకం పెట్టించెయ్. ఆవిడకేం తెలుసు, చదవమని ఇవ్వకు, ఊరికే ఆలస్యం.”

చిన్నకోడలు ఫోన్ పెట్టేసింది. అత్తగారు చేతులు తుడుచుకుని ముసలాయన చేతిలోంచి కలం తీసుకుంది.

“నాకు తెలిసిందే రాస్తాను” అంది.

ఒక్కో అక్షరం చెక్కుతున్నట్టు రాసింది. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎందుకు కొన్నారో రాసింది. కుట్టుమిషను సంగతి కూడా వదల్లేదు. ఆఖర్న, ఇరవై ఆరేళ్ళుగా దీన్ని బాగుచేసి కాపాడింది మా చిన్నకోడలు, అని రాసి ఆగింది. “పేరు కూడా కావాలి” అన్నాడు ముసలాయన. చిన్నకోడలు తన పేరు చెప్పింది. ఆ ఇంటి గేటు మీద లేని పేరు, శుభలేఖల కవర్ల మీద ఎవరూ రాయని పేరు, ఒక ఆయుధం చరిత్రలో మామగారి పేరుకీ కంపెనీ పేరుకీ మధ్య నల్లటి సిరాతో వచ్చి కూర్చుంది.

ముసలాయన ధర రాశాడు. చూసి ఆమె ఒక సున్నా పొరపాటున పడిందేమో అనుకుంది.

“ఇదే ఏడాదివి నా దగ్గరికి నాలుగొచ్చాయి” అన్నాడాయన. “ఒరలో ఉంచి తుప్పు పట్టినవి రెండు. గరుకు కాగితంతో రుద్ది మెరిపించినవి రెండు. ఇందులో మూడోవంతు కూడా రావు. ఈ నల్లనీలం పూత చూడండి, ఫ్యాక్టరీలో వేసిందే. తుపాకీ ధర చాలా తక్కువమ్మా. మిగతాదంతా ఇది చెడిపోకుండా ఆపిన చేతిది.”

“రుద్ది తెమ్మన్నారండి ఇంట్లో.”

“ఎవరు?”

“మగవాళ్ళు” అంది అత్తగారు.

వాళ్ళు లేవబోతుంటే ఆయన కూర్చోమన్నాడు. బాగుచెయ్యాల్సిన పాత తుపాకులు వెనకగదిలో పదకొండు ఉన్నాయనీ, తన చేతులు వణుకుతున్నాయనీ, ఈ పని ఓపికున్న వాళ్ళకి తప్ప రాదనీ చెప్పి, వారానికి మూడు రోజులు రాగలరా అని అడిగాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళకి కావలసిన అనుమతి తనే తెప్పిస్తానన్నాడు. చిన్నకోడలి నోట్లోంచి ‘ఇంట్లో అడిగి చెబుతానండి’ అన్న మాట అలవాటుగా బయల్దేరింది. పళ్ళ దాకా వచ్చింది. దాన్ని మింగేసి, “జీతం ఎంతిస్తారు?” అంది.

ఆయన చెప్పాడు. “ఆ సున్నితమైన చేతికి అదేనా?” అంది అత్తగారు. బేరం పది నిమిషాలు సాగింది. ముసలాయన ఓడిపోయి, చాలా సంతోషంగా కనిపించాడు.

సాయంత్రం ఇంట్లో, ఫోన్లో బావగారు, హాల్లో భర్త. “అంటే ముత్తాత దొంగల్ని చంపలేదా?” అన్నారు బావగారు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు.

“దొంగలు లేరు నాయనా, కోళ్ళగూటి రేకు” అంది అత్తగారు.

“సరే, ఇన్నాళ్ళూ నాన్న అంత బాగా ఉంచబట్టేగా ఆ ధరైనా” అన్నాడు భర్త.

“మీ నాన్నకి దాన్ని తెరవడమే రాదు” అంది ఆవిడ. “చివరిదాకా రాలేదు.”

సేకరించే పెద్దమనిషి కాగితం చదివి రెండు రోజుల్లో కొనేశాడు. దొంగల కథలు తన దగ్గర చాలా ఉన్నాయనీ, కుట్టుమిషను కథ మొదటిసారి విన్నాననీ అన్నాడట. డబ్బులో సగం చిన్నకోడలి ఖాతాలో వేయించి, మిగతా సగంలోంచి అత్తగారు ముందుగా ఒక కుట్టుమిషను కొనుక్కుంది. ఈ వయసులో నీకెందుకమ్మా అని కొడుకులు గొణిగారు. ఆవిడ వినిపించనట్టు సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చుంది.

కళ్ళజోళ్ళ షాపు యజమానికి చిన్నకోడలు ఇకమీదట వారానికి మూడు రోజులు రానని చెప్పింది. ఆమె బిగించిన ఫ్రేములకి ‘నా చేతిపని అలాంటిది’ అని తొమ్మిదేళ్ళుగా మెప్పు తీసుకుంటున్న మనిషి ఆయన. “మరి స్క్రూలు ఎవరు బిగిస్తారమ్మా?” అన్నాడు కంగారుగా. “మీ చేతిపని బాగుంటుందని ఊరంతా అంటోంది కదండీ” అని నమస్కారం పెట్టి వచ్చేసింది.

భర్త అడిగిన ప్రశ్న కూడా ఇంచుమించు అదే. “మరి ఇంట్లో పనులో?”

“అవుతాయి లెండి” అంది ఆమె, తల దువ్వుకుంటూ.

మొదటి రోజు ముసలాయన కిటికీ కింద బల్ల ఖాళీ చేసి ఉంచాడు. ఎవరో అటక మీంచి తీసి తెచ్చిన పిస్తోలు ఒకటి ఆమె ముందు పెట్టాడు. తుప్పు పట్టి, మరలు బిగుసుకుపోయి, పిడి చీలిపోయి ఉంది. పక్కన కలం, చిన్న పుస్తకం పెట్టుకుని, “ఎన్నాళ్ళకి అవుతుందో చెప్పండమ్మా, వాళ్ళకి రాసివ్వాలి” అన్నాడు.

ఏ పనికైనా, ఎంత పెద్ద పనికైనా, ‘అయిదు నిమిషాలండి’ అనడమే ఆమెకి తెలుసు. అలా అని చెప్పి, పరుగులు తీసి, ఆలస్యమైందని అనిపించుకోవడమే తెలుసు. ఆమె పిస్తోలుని కిటికీ వెలుతురులోకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి, తొందరపడకుండా చాలాసేపు చూసింది. ముసలాయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఒక మనిషి తన జవాబు కోసం అలా ఎదురుచూడటం కూడా హాయిగానే ఉంది.

“మూడు నెలలు పడుతుందండి” అంది.

ఆయన రాసుకున్నాడు.